మాటు ముందు తెల్లగొడుగు

గుడారం జిప్పు సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. అతను లోపల మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళ మధ్య చిక్కుకున్న గుడ్డను గోటితో లాగుతున్నాడు. ఆమె బయట నిలబడి గొడుగు విప్పింది. చీకటి విడుతోందే గాని పొద్దు ఇంకా పొడవలేదు. ఎండ లేదు, వాన లేదు. ఆ వేళప్పుడు గొడుగేమిటని దారిన పోయేవాళ్ళు నవ్వుతారు. చాలాసార్లు నవ్వారు కూడా. కాని ఆ గొడుగు ఆమె నెత్తికి కాదు, పిట్టల కంటికి.

"వచ్చేసింది," అన్నాడతను గుసగుసగా, జిప్పు సంగతి. "ఇక నువ్వు నడు."

ఆమె కదల్లేదు.

"ఏమండీ, ఛాతీలో పట్టేసినట్టుందన్నానే, ఇంకా అలాగే ఉంది."

"రాత్రి వేణ్ణీళ్ళు తాగావు కదా. గ్యాసు అయి ఉంటుంది. ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చు, అదే సర్దుకుంటుంది."

"ఇవాళొక్కరోజు మానేద్దామా?"

లెన్సు మూత తీస్తున్నవాడల్లా ఆగాడు. ఆ బీడులోకి మర్నాడు మట్టి తవ్వే మిషన్లు దిగుతాయని ఆమెకూ తెలుసు. నేలంతా సున్నం గీతలు గీసి, మేకులు పాతి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టి పోయారు. తుప్పలు పోతాయి, గట్టు పోతుంది, గట్టు కింద పిట్టలు దుమ్ములో దొర్లే గుంట పోతుంది.

"మానేస్తే మళ్ళీ ఎక్కడ తియ్యను? రేపిక్కడ పిట్ట కాదు గదా, పుల్ల కూడా మిగలదు."

"సరేలెండి, ఊరికే అన్నాను," అని ఆమె నీళ్ళ సీసా లోపలికి అందించింది. మూత ముందే వదులు చేసి ఉంది, తిప్పేటప్పుడు చప్పుడు కాకుండా.

కౌజుపిట్ట నేల మీద బతికే పిట్ట. తనకు రెక్కలున్న సంగతి దానికే గుర్తుండదు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఎగరదు. బడి ఎగ్గొట్టిన పిల్లవాడు పంతులుగారిని చూసినట్టు తల వంచుకుని తుప్పల్లోంచి తుప్పల్లోకి పరుగెత్తుతుంది. దాని రంగు మట్టిరంగే కాబట్టి అది మనకు కనబడదు, మనం మాత్రం దానికి కనబడుతూనే ఉంటాం. దాని కళ్ళముందు ఒక మనిషి గుడారంలో దూరాడా, ఆ మనిషి బయటికి వచ్చి వెళ్ళిపోయేదాకా అది తుప్ప దాటదు. అయితే దానికి లెక్క రాదు. ఇద్దరు వచ్చి ఒకరు వెళ్ళిపోతే, వచ్చిన మనిషి వెళ్ళిపోయాడనే అనుకుంటుంది. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని తన పనిలో తాను పడుతుంది. ఈ కిటుకు అతనికి ఒక ముసలి వేటగాడు చెప్పాడు. వేటగాడు తుపాకీతో మాటు వేసేవాడు, ఇతను కెమెరాతో. అందుకే ఆ గుడారాన్ని ఇతను కూడా మాటు అనే అంటాడు.

మాటులో కూర్చునేవాడి పని సులువే. వెళ్ళిపోయే మనిషి పనే కష్టం. పిట్టలు చూసేలా వెళ్ళాలి. తొందరపడకూడదు. గుడారం వైపు తిరిగి చూడకూడదు, చూస్తే అక్కడేదో ఉందని పిట్టలు పసిగడతాయి. పిలవకూడదు. మళ్ళీ పొద్దెక్కాక అలాగే గొడుగు వేసుకుని నలుగురికీ తెలిసేలా రావాలి. ఆ గొడుగును చూసి పిట్టలు తుప్పల్లోకి తప్పుకుంటాయి, అప్పుడు లోపలివాడు బయటికి వస్తాడు, ఇద్దరూ కలిసి పోతారు. లోపలివాడు తనంతట తాను బయటపడితే ఇన్నేళ్ళ నమ్మకం ఒక్కసారితో పోతుంది. ఆ గుడారం దాపులకు పిట్ట మళ్ళీ రాదు. పెళ్ళయిన మరుసటి చలికాలం నుంచీ ఆ వెళ్ళిపోయే మనిషి ఆమే.

ఆమె అక్క పక్కవాటాలోనే ఉంటుంది. నోరున్న మనిషి. "పిట్టల్ని మోసం చెయ్యడానికే మా చెల్లెల్ని చేసుకున్నట్టున్నావు, మరిదీ," అనేది. "నీ పిట్టలకే లెక్క రాదనుకున్నాను, నీకూ రాదు. ఇంట్లో ఇద్దరున్నారని నీకెప్పుడైనా గుర్తుంటుందా?" అతను నవ్వేసేవాడు. ఆమె కూడా నవ్వేది, సూది నోట్లో పెట్టుకుని, పెదాలు కదపకుండా.

ఆమె దర్జీ దుకాణానికి కాజాలు కుట్టేది. చొక్కా ఎవరు కుట్టారని అడుగుతారు గాని కాజా ఎవరు కుట్టారని ఎవరూ అడగరు. బొత్తం పట్టకపోతే మాత్రం అడుగుతారు. ఆమె కుట్టిన కాజాల గురించి ఆ దుకాణంలో ఎవరూ అడిగింది లేదు. గుడారానికి లెన్సు పెట్టే కంత దగ్గర మొదట అంటుకునే పట్టీ ఉండేది; దాన్ని లాగితే చర్రుమనేది, పిట్టలన్నీ మాయం. ఆమె ఆ పట్టీలు పీకేసి, బొత్తాలు పెట్టి, కాజాలు కుట్టి ఇచ్చింది. అప్పటి నుంచి కంత చప్పుడు లేకుండా తెరుచుకునేది. దర్జీ దుకాణంలో మిగిలిన ముక్కలతో అతనికి ఒక మెత్త కూడా కుట్టింది. నేల మీద బోర్లా పడుకుని లెన్సును పిట్ట కంటి ఎత్తుకు దించితే తప్ప బొమ్మ కుదరదు, మోచేతులు ఒరుసుకుపోయేవి. ఇప్పుడు ఒరుసుకుపోవు. ఆ మెత్త ఎప్పుడు వచ్చిందో అతను ఆలోచించలేదు.

గొడుగు మాత్రం అతనిదే. స్టూడియోలో దీపాల వెలుతురును మెత్తగా చెయ్యడానికి పెట్టే తెల్లగొడుగు. కొత్త దీపాలు వచ్చాక యజమాని దాన్ని మూలన పారేస్తే ఇంటికి తెచ్చాడు. దూరం నుంచి పిట్టలకు బాగా ఆనుతుందని ఆమె చేతికిచ్చాడు. అంచు చిరిగితే ఆమె చుట్టూ కాజాకుట్టు వేసుకుంది.

స్టూడియోలో అతని పని ముఖాల ఫోటోలు తియ్యడం. పక్కనే గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసు. వచ్చినవాళ్ళు తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చుంటారు, ఒళ్ళు బిగుసుకుపోతుంది, మెడ సాగుతుంది, కళ్ళు పెద్దవవుతాయి. "గడ్డం కాస్త పైకి," అంటాడతను. "నవ్వకండి. నీడ పడకూడదు." రోజంతా అదే మాట కాబట్టి ఊళ్ళో అతని అసలు పేరు చాలామందికి తెలియదు, గడ్డంపైకి అంటే తెలుస్తుంది. పిల్లలు వీధిలో వెనకనుంచి ఆ మాట అని పారిపోతారు. బల్లపరుపుగా, నీడ లేకుండా, అందరి ముఖం మీదా ఒకే వెలుతురు. ఆ వెలుతురంటే అతనికి గిట్టదు. సెలవురోజు తెల్లవారుజామున ఆ బీడులో, తూర్పు నుంచి ఏటవాలుగా వచ్చి ఒక్కొక్క ఈకనూ విడదీసి చూపే వెలుతురు కోసం మిగతా వారమంతా ఓర్చుకునేవాడు.

కౌజుల ఫోటోలు అతని దగ్గర చాలా ఉన్నాయి. అన్నిట్లోనూ పిట్ట మెడ సాచి, కన్ను ఇటే పెట్టి, పారిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. స్టూలు మీద కూర్చున్నవాళ్ళలాగే. అతనికి కావలసింది వేరు. పిల్లల్ని వెంటేసుకున్న తల్లి, ఎవరూ తనను చూడటం లేదనుకుని నిమ్మళంగా ఉన్న తల్లి. అలాంటిదొకటి తెస్తే పెళ్ళికూతుళ్ళ ఫోటోలు తీసేసి అద్దాల బీరువాలో అదే పెడతానని యజమాని అన్నాడు. తమాషాకే అన్నాడేమో. ఇతను తమాషాగా తీసుకోలేదు.

ఆమె బయల్దేరింది.

అతను కంత బొత్తాలు విప్పి, లెన్సు బయటపెట్టి, అలవాటుగా ఆమె వీపు మీద గురిపెట్టాడు. ప్రతిసారీ అంతే. ఆమె నడిచి వెళుతుంటే నాలుగైదు ఫోటోలు నొక్కి, వెలుతురు ఎంతుందో, ఎక్కువైందో తక్కువైందో అంకెలు చూసుకునేవాడు. అంకెలు కుదిరాక వాటిని చెరిపేసేవాడు. ఎప్పుడో ఒకసారి ఆమె ఇక్కడే నిలబడి, "నన్నొకటి తియ్యకూడదూ, ఈ వెలుతురులో," అంది. "లైటు పోతుంది, నడు నడు," అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఆమెకు ఆ కోరిక లేదనుకున్నాడు.

నొక్కాడు. అంకెలు చూశాడు. కాస్త చీకటిగా ఉంది. కెమెరా చక్రం తిప్పుతూ మళ్ళీ మళ్ళీ నొక్కాడు, ప్రతిసారీ అంకెలే చూశాడు. ఇప్పుడు సరిపోయింది. తల ఎత్తేసరికి ఆమె గట్టు చివర మలుపు తిరిగి అవతలి వైపుకు వెళ్ళిపోయింది. మామూలుగా అయితే గట్టు మీదుగా గొడుగు పైభాగం ఒక తెల్లటి పళ్ళెంలా తేలుకుంటూ రోడ్డు దాకా పోవడం కనబడుతుంది. ఆ రోజు అతను అటు చూడలేదు. మెత్తను మోచేతుల కింద సర్దుకుంటున్నాడు.

పొద్దు పొడిచింది. తుప్పల్లో ఎక్కడో మగపిట్ట గొంతెత్తింది, దానికి ఇంకొకటి బదులిచ్చింది. గట్టు కింద గుంట మీదికి వెలుతురు పాకుతూ వచ్చింది. బంగారంలాంటి వెలుతురని కథల్లో రాస్తారు గాని, అది బంగారం కాదు, తేనెకు దగ్గర. దుమ్ములో ప్రతి రాయికీ పొడుగాటి నీడ మొలిచింది. అతను ఊపిరి బిగబట్టాడు.

మగపిట్ట మొదట వచ్చింది. నాలుగు అంగలు వేసి ఆగింది. తల్లి తుప్ప అంచుకు వచ్చింది, కాళ్ళ మధ్య పిల్లలు గోళీల్లా దొర్లుతున్నాయి. ఇంకొక్క గజం దాటితే వెలుతురులో పడతాయి. దాటలేదు. రెండూ మెడలు సాచి గట్టు వైపే చూస్తున్నాయి. గుడారం వైపు కాదు; గట్టు అవతలికి. మగపిట్ట ఒకసారి గట్టిగా అరిచింది. పిల్లలు తల్లి కిందికి దూరిపోయాయి. అలా నిలబడి నిలబడి, వచ్చిన దారినే వెనక్కి పోయాయి.

కుక్కేదో అటు పడుకుని ఉంటుందనుకున్నాడు. మేకలాయన కుక్క అయి ఉంటుంది. బీడులో మేకలు కాచుకునే ఆ ముసలాయన కుక్కను కట్టేసి ఉంచమంటే వినడు. మనసులోనే కుక్కనూ ముసలాయన్నూ కలిపి తిట్టుకున్నాడు. తిట్టుకుంటుండగానే తేనెరంగు కాస్తా పలచబడింది, నీడలు పొట్టివయ్యాయి. ఆ వెలుతురు ఇక రాదు. వచ్చినా అక్కడ ఈ గుంట ఉండదు.

గాలి లేచింది. కాసేపటికి గట్టు చివర, కంటికి కుడివైపు మూలన, తెల్లగా ఏదో దొర్లుతూ వచ్చి ఆగింది. గొడుగు. విప్పిన గొడుగు విప్పినట్టే, పిడి నేలకు ఆని, లోపలి వైపు గుంటకేసి తిరిగి ఉంది.

ఒళ్ళు మండింది అతనికి. ఆమెకిది అలవాటే. ఈ గొడుగును బస్సులో మరిచిపోయింది, దర్జీ దుకాణంలో మరిచిపోయింది, ఒకసారి ఎవరి పెళ్ళిలోనో మరిచిపోయి వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకుంది. ఇప్పుడు మేకలాయనతో మాటల్లో పడి గట్టు మీద పెట్టి మరిచిపోయి ఉంటుంది. ఏ రోజైనా పరవాలేదు, ఇవాళే కావలసి వచ్చిందా అనుకున్నాడు. బయటికి వెళ్ళి తీసి పారేద్దామంటే వీల్లేదు. కేకేద్దామంటే అసలే వీల్లేదు. చప్పుడు చెయ్యకుండా పళ్ళు కొరుక్కున్నాడు.

ఎండ ముదిరింది. గుడారం లోపల ఉడికిపోతోంది. ఈ ఎండలో ఫోటో పనికిరాదని అతనికి తెలుసు. ఎండ పడినచోట తెల్లగా మాడిపోతుంది, నీడలు బొగ్గులా నల్లబడతాయి, పిట్ట కన్ను ఒక చిల్లులా కనబడుతుంది. అయినా ఇంకేం చేస్తాడు, ఆమె వచ్చి తీసుకెళ్ళేదాకా కదలకూడదు కదా. అలా చూస్తూ ఉండగా తుప్ప కింద గడ్డి కదిలింది.

తల్లిపిట్ట. ఈసారి ఆగలేదు. వేడికి ముక్కు తెరిచి రొప్పుతూ, పిల్లల్ని వెంటేసుకుని, గుంటను దాటి, తిన్నగా గొడుగు దగ్గరికే నడిచింది. దాని నీడ అంచున ఒక రెక్క చాచి దుమ్ములో ఒరిగింది. పిల్లలు ఒకటొకటిగా ఆ రెక్క మీదికి ఎక్కాయి. ఒకటి వీపు మీద నిలబడి ఆవులించింది.

ఆ పిట్ట మీద పడిన వెలుతురు చూసి అతనికి ఏమీ పాలుపోలేదు. అంతటి ఎండలో దాని నీడవైపు నల్లబడలేదు. మెడ కింది సన్నటి చారలు, పొట్ట మీది నూగు, అన్నీ మెత్తగా, పాలు ఒలికినట్టు కనబడుతున్నాయి. కంట్లో తెల్లటి చుక్క ఒకటి మెరుస్తోంది. ఎక్కడి నుంచి వచ్చింది ఈ వెలుతురు అని ఒక్క క్షణం అనుకున్నాడు. ఆలోచించే వేళ కాదది. బొమ్మలో కుడివైపు గొడుగు అంచు తెల్లటి మచ్చలా పడుతోంది. వేలెడంత ఎడమకు జరిపాడు. గొడుగు బొమ్మలోంచి తప్పుకుంది. నొక్కాడు. తల్లి కన్ను మూసి తెరిచింది. మళ్ళీ నొక్కాడు. దానికి ఇతను ఉన్నట్టే తెలియదు.

జీవితంలో మొదటిసారి ఒక పిట్ట తనను చూడకుండా ఉంది. ఆమె రాగానే చూపించాలి అనుకున్నాడు. చూపిస్తే ఆమె మామూలుగా, "పాపం, పిల్లలెంత బాగున్నాయో," అంటుంది. వెలుతురు సంగతి ఆమెకు పట్టదు. ఈసారి వెలుతురు సంగతి కూడా విడమరిచి చెప్పాలనుకున్నాడు.

ఆమె రాలేదు.

పిట్టలు తనివితీరా దొర్లి తుప్పల్లోకి వెళ్ళిపోయాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. నడుం వాలుస్తానని వెళ్ళి నిద్రపోయి ఉంటుంది, లేదా దర్జీవాడు అర్జెంటని పిలిపించి ఉంటాడు; కాజాల పనంటే మొగుణ్ణి కూడా మరిచిపోతుంది అనుకున్నాడు. కోపం వచ్చింది, ఆకలి వేసింది, ఆకలికి కోపం ఇంకా పెరిగింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదన్న సంగతి మాత్రం తట్టలేదు. తనంతట తాను బయటికి రాకూడదు, వస్తే పిట్టలకు తెలిసిపోతుందని ఓర్చుకుంటూ కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాక సున్నం గీత ఒకటి కంటికి ఆనింది. అప్పుడు గుర్తొచ్చింది. రేపిక్కడ పిట్టలే ఉండవు. ఎవరి నమ్మకం కాపాడుతూ కూర్చున్నట్టు?

జిప్పు లాగి బయటికి వచ్చాడు. ఈసారి ఇరుక్కోలేదు. తుప్పల్లోంచి కౌజులు బుర్రుమని లేచిపోయాయి, పిల్లలు గడ్డిలో చెల్లాచెదురయ్యాయి. అటు చూడకుండా, కాళ్ళు తిమ్మిరెక్కి తూలుకుంటూ, గట్టు చివరికి నడిచాడు. ఆమె కనబడగానే అనవలసిన మాట నాలుక చివరే ఉంది. గొడుగు అందుకోబోయి గట్టు అవతలికి తొంగి చూశాడు.

ఆమె గట్టుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. చెప్పులు విడిచి పక్కన జోడుగా పెట్టుకుంది. ఒక చెయ్యి ఒళ్ళో, ఒక చెయ్యి గడ్డి మీద. అలిసిపోయి కాసేపు కూర్చున్న మనిషిలాగే ఉంది. గుడారానికీ ఆమెకూ మధ్య ఆ గట్టు ఒక్కటే అడ్డం.

నాలుక చివర ఉన్న మాట అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత సంగతులు ఇతరులు చేశారు. అప్పుడే బీడులోకి వచ్చిన మేకలాయన పరుగున వెళ్ళి రోడ్డు మీద ఏదో బండిని ఆపాడు. ఆయన ఆ పొద్దున అటు రానేలేదట. కుక్కకు ఒంట్లో బాగాలేక ఇంటి దగ్గరే ఉండిపోయాడట. ఆసుపత్రిలో డాక్టరు, పొద్దున్నే పోయి ఉంటుంది, ఎక్కువసేపు బాధపడి ఉండదు అన్నాడు. ఆ మాట అందరికీ చెబుతారని అతనికి తెలుసు. అయినా డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు, చెప్పాక వెంటనే తీసెయ్యలేదు.

సాయంత్రానికి ఇంటి ముందు గదిలో జనం పలచబడ్డారు. ఆమె అక్క గోడకు చేరగిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి గొంతు అంత చిన్నదిగా వినడం అదే మొదలు.

"అంత దగ్గర్లో ఉన్నావు కదా, మరిదీ. పిలవలేదా అది? ఒక్క కేకైనా వెయ్యలేదా?"



"పిలవకూడదు, వదినా. పిట్టలు బెదురుతాయని."

తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె లేచి లోపలికి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టి, మళ్ళీ గోడ దగ్గర కూర్చుంది.

స్టూడియో యజమాని వచ్చాడు. ఆమె ఫోటో పెద్దది చేయించి తెస్తాను, మంచిదొకటి ఇవ్వండి అన్నాడు. అతను బీరువాలోంచి ఆమె గుర్తింపు కార్డు తీశాడు. అతనే తీసిన ఫోటో. తెల్లగుడ్డ ముందు, నీడ లేకుండా, గడ్డం పైకెత్తి, నవ్వొద్దంటే నవ్వు మింగుతున్న ముఖం. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకేదైనా లేదా? మీరు ఇన్నేళ్ళ నుంచీ ఫోటోలు తీస్తున్నారుగా," అన్నాడు. తప్పుపట్టాలని అన్నది కాదు. కెమెరా బల్ల మీదే ఉంటే అందుకుని, వెతుకుతానన్నట్టు బొత్తం నొక్కాడు.

మొదట తల్లిపిట్ట వచ్చింది. యజమాని మెల్లగా కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ చోట ఆ మాట అనకూడదని తెలిసినా వృత్తి ఊరుకోనిస్తుందా. "ఇంత ఎండలో ఈ వెలుతురు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? పక్కన తెల్లగొడుగేమైనా పెట్టారా?"

అతను నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా మళ్ళీ కింద పెట్టాడు.

యజమాని ఆ పొద్దుటి మొదటి ఫోటోకు పోయి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటే ముందుకు జరిపాడు. మసకవెలుతురులో ఆమె వీపు. గొడుగు. నడుస్తున్న వీపు, కాస్త దూరంగా అదే వీపు. చెరిపెయ్యడానికి ఇంకా తీరిక దొరకనివి. "అన్నీ వెనకనుంచే ఉన్నాయే," అన్నాడు. మరొకటి చూసి ఆగాడు. "ఇదిగో. ఇందులో ఇటు తిరిగింది."

అతను కెమెరా అందుకున్నాడు. గట్టు మలుపు దగ్గర ఆమె ఆగి ఉంది. ఎప్పుడూ తిరగని మనిషి, నియమం తప్పి, గుడారం వైపు తిరిగి చూస్తోంది. గొడుగు భుజం మీదికి వాలింది. ఒక చెయ్యి గుండెల దగ్గర ఉంది. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. పిలవబోయిందో, ఊపిరి కోసం తెరిచిందో ఫోటోలో తెలియదు. ఫోటో నొక్కిన మనిషికీ తెలియదు. అంకెలు మాత్రం ఎంత ఉన్నాయో చెప్పగలడు, అవి ఇప్పటికీ గుర్తున్నాయి. ముఖం మీద పొద్దు పొడవబోయే ముందటి తూర్పు వెలుతురు తేనెలా పడుతోంది. ఒక పక్క చెంప వెలుగులో, ఒక పక్క మెత్తటి నీడలో. కళ్ళు సూటిగా లెన్సులోకి.

"దీన్నే పెద్దది చేద్దాం," అన్నాడు యజమాని గొంతు తగ్గించి. "ముఖం వరకూ తీసుకుంటే సరి. వెలుతురు ఎంత బాగా పడిందో చూశారా."

అతను తలూపాడు.

చీకటి పడబోతుండగా మేకలాయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, గొడుగును తలుపు పక్కన పెట్టాడు. గట్టు మీద పడి ఉంటే తెచ్చానని, మూద్దామంటే మడత పడటం లేదని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఊచ ఒకటి వంగింది. గొడుగు విప్పినట్టే మూలకు ఒరిగి ఉంది. గుడ్డంతా బీడు దుమ్ము, అంచు చుట్టూ ఆమె వేసిన కాజాకుట్టు, ఆ కుట్టులో ఒకచోట చిక్కుకున్న పిట్టపిల్ల నూగు, గుమ్మంలోంచి గాలి వచ్చినప్పుడల్లా కొద్దిగా లేచి మళ్ళీ దారానికే అంటుకుంటోంది.